ఏ బొమ్మ నొక్కినా కోడే

పాలకుర్తి,
దీపావళి వెళ్లిన వారం.

బిడ్డ సుమకు బాపు రాయునది.

ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. మొదట ఆ మాట లేకపోతే మీ నానమ్మ ఉత్తరాన్ని కవరులో పెట్టనివ్వదు. ఈసారి ఆమె అడగకముందే రాశాను, ఎందుకంటే అది నిజం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తండా బడికి స్కూటీ తానే నడుపుకుంటూ పోతున్నది. నానమ్మ పత్తి ఏరడానికి పోతానని రోజూ బయలుదేరుతుంది, రోజూ గడప దగ్గరే ఆపుతున్నాం. నీ తిండి సంగతి రాయి. "బానే ఉంది" అని మాత్రం రాయకు. ఏం కూర వండారు, నువ్వు ఎంత తిన్నావు, అది రాయి.

ఈ చురక నీదే, నీకే తిరిగి ఇస్తున్నాను. పోయిన నెల నేను "ప్రోగ్రాం పనిచేయడం లేదు" అని రాస్తే నువ్వు రాసిన జవాబు ఇంకా నా జేబులోనే ఉంది. "ఇన్నేండ్ల సంది పేపరుకు వార్తలు రాస్తున్నవు గద బాపూ. 'ప్రమాదం జరిగింది' అని ఒక్క ముక్క రాసి పంపుతే మీ డెస్కోళ్లు అచ్చేస్తరా? ఏం నొక్కితే ఏమైంది, స్క్రీన్ మీద ఏం కనబడ్డది, గది రాయి." నానమ్మకు చదివి వినిపించాను. "మంచిగ పెట్టింది నీకు" అన్నది. అప్పటినుంచి స్క్రీన్ మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నా అభిప్రాయం కలపడం లేదు.

ఇదంతా ఆదివారం ఫోనులో చెప్పలేను. హాస్టల్ ఫోను దగ్గర నీ వెనక నిలబడ్డ పిల్లలు "అక్కా, జల్ది" అంటుంటే నాకే కంగారు. మహబూబాబాద్‌కు ఉత్తరం పోవడం ఆలస్యమైనా, అది నా మాట మధ్యలో తెంచదు. నానమ్మ ఎట్లాగూ పోస్టు చేసే ముందు మొత్తం చదివించుకుంటుంది, ఆమెకు మొదటినుంచి చెప్పాలి. అందుకని నీకు తెలిసినవి కూడా కొన్ని రాస్తున్నాను. విసుక్కోకు.

ప్రియ సంగతితో మొదలుపెడతాను. కొడకండ్ల అవతల తండాలో, అమ్మ పనిచేసే బడిలో ఒకటో తరగతి. వాళ్ల అమ్మ సుక్కి, నాయిన ధన్‌సింగ్ భూపాలపల్లిలో క్వార్టర్లు కట్టే పనికి పోయారు. పిల్ల నానమ్మ తుల్సీబాయి దగ్గర ఉంటుంది. ఇంట్లో లంబాడీ తప్ప మరో భాష లేదు, బడిలో తెలుగు. జూన్‌లో చేరినప్పటినుంచి బడిలో ఒక్క మాట మాట్లాడలేదు. పిలిస్తే వస్తుంది, పెడితే తింటుంది, పలక మీద అక్షరాలు దిద్దుతుంది. నోరు మాత్రం తెరవదు. తండాలో కొందరు మూగదన్నారు. ఇంట్లో గలగలా మాట్లాడుతుందని తుల్సీబాయి చెబితే ఎవరూ నమ్మలేదు. ధన్‌సింగ్ దసరాకు వచ్చినప్పుడు తేల్చి చెప్పాడు: "దీపావళికి వస్త. అప్పటికి గూడ మాట్లాడకపోతే తీస్కపోత. బడి ఎందుకు, మా కండ్ల ముందట ఉంటది." అక్కడ వాళ్లుండేది రేకుల షెడ్డు. పొద్దంతా తల్లీదండ్రీ గోడల మీద ఉంటే పిల్ల ఇసుక కుప్ప దగ్గర ఉంటుంది. దగ్గరలో బడి లేదు. అమ్మ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. నువ్వు ప్రోగ్రాం రాస్తానన్నది అప్పుడే.

ఈ ముక్క నానమ్మకు చదివి వినిపించడానికి: ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద బొమ్మలుంటాయి. ఆవు బొమ్మ నొక్కితే ముందు తుల్సీబాయి గొంతు లంబాడీలో "గావ్డి" అంటుంది. వెంటనే నీ కోడలి గొంతు "ఆవు" అంటుంది. అంతే. ఇంట్లో గొంతు, బడిలో గొంతు పక్కపక్కన వినబడితే పిల్లకు ధైర్యం వస్తుందని సుమ ఆలోచన. బడి ల్యాప్‌టాప్‌కు నెట్ రాదు, అందుకే నెట్ అక్కర లేకుండా దానికదే నడిచేట్టు రాసింది.

సుమా, ఇక నీ ప్రశ్నలు. విండో నిలబడుతున్నదా, బడి ల్యాప్‌టాప్‌లో బొమ్మలు వచ్చాయా, బిగుసుకుపోవడం తగ్గిందా, కోడి సంగతి తీరిందా. పక్కన అంచులో పెన్సిలుతో "ప్రియ?" అని రాశావు. చివరి పేజీ ముందు చదివే అలవాటు నీకుంది. ఈసారి చదవకు.

విండో నిలబడింది. ఐకాన్ నొక్కితే నల్లగా ఒకటి మెరిసి మాయమయ్యేది కదా, నువ్వు చెప్పినట్టే ఆ నల్ల విండోను ముందు తెరిచి, అందులోంచి ప్రోగ్రాంను లేపాను. చచ్చిపోయేటప్పుడు అది చెప్పిన మాట ఈసారి చెరిగిపోకుండా ఉంది. అన్నిటికంటే కింది వరుస ముందు చదవమన్నావు, చదివాను. ఫలానా పేరు గల ఫైలు లేదన్నది. ఆ పేరు చందమామ మాటది. నువ్వు వెళ్లేటప్పుడు మిగిలిన మాటలు నన్ను ఫోనులో రికార్డు చేసి పెట్టమన్నావు. చందమామ ఒక్కటీ ఎట్లా తప్పిపోయిందో అర్థం కాలేదు. తండాకు పోయాను. తుల్సీబాయి వాకిట్లో కందులు చెరుగుతున్నది.

"అవ్వా, ఒక్క మాట మిగిలింది. చందమామను మీ భాషల ఏమంటరు?"

"ఆవు అడిగినవ్, చెప్పిన. నీళ్లు అడిగినవ్, చెప్పిన. గదొక్కటి నన్నడగకు సారూ."

"ఎందుకు?"

ఆమె చేట అడ్డం పెట్టుకుంది. పక్కింటి ఆడవాళ్లు పగలబడి నవ్వారు. అందులో ఒకామె జాలిపడి చెప్పింది: "ముసలాయన పేరు చందు సారూ! పెనిమిటి పేరు నోట్లకెళ్లి తియ్యొద్దు. చాందా అంటే సగం పేరు పలికినట్టే గద. పండుగ నాడు గూడ ఆమె ఆకాశం దిక్కు చెయ్యి చూపిస్తది గని పేరు తియ్యది."

మంచం మీదినుంచి చందు తాత లేచాడు. తలపాగా చుట్టుకున్నాడు. "ఇటు తే ఫోను. ఆమెతోని కాని పని నేను చేస్త" అని, గుట్ట అవతలి మేకలను పిలిచినట్టు "చాందా!" అని అరిచాడు. తుల్సీబాయి చేట వెనకనుంచి "చెవులు పోతయ్, మెల్లగ అను" అని కసిరింది. ఆయన సంతోషంతో ఇంకో రెండుసార్లు అరిచాడు. నీ ప్రోగ్రాంలో చందమామ ఒక్కటే మగ గొంతు, కారణం ఇదీ. ఫైలు పెట్టగానే విండో నిలబడింది. లోపం నీది కాదు, నా రికార్డింగుది. అయితే నానమ్మ ఒక మాట రాయమంటున్నది: "ఒక్క సుట్టం రాకపోతే పెండ్లి ఆపుతరా? లేనిదాన్ని ఇడిసిపెట్టి మిగిలినయి నడిపియ్యమను." చేయగలిగితే చెయ్యి.

బొమ్మలు కూడా వచ్చాయి. ఇంట్లో కనబడినవి బడిలో ఎందుకు కనబడలేదో నీ ఉత్తరం చదివాక తెలిసింది. బొమ్మలు నీ పేరున్న ఫోల్డర్‌లో ఉన్నాయని ప్రోగ్రాంకు చెప్పావు. మన ఇంటి కంప్యూటర్‌లో నీ పేరు ఉంది. బడి ల్యాప్‌టాప్‌లో సుమ అనే మనిషే లేదు. కొడకండ్లలో బస్సు దిగినవాడికి పాలకుర్తి సందుల గుర్తులు చెబితే ఎక్కడికి పోతాడు? నువ్వు చెప్పినట్టు "నువ్వున్న చోటనే, నీ పక్కనే వెతుక్కో" అని మార్చాను. ఇప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కడ పెట్టినా బొమ్మలు వస్తున్నాయి.

బిగుసుకుపోవడం పిల్లలు ఉండగానే జరిగింది, అది నీకు పూర్తిగా రాయలేదు. ఒకడు కుక్కను నొక్కాడు. తుల్సీబాయి గొంతు వస్తుండగానే మిగిలిన వాళ్లందరూ ఎగబడి చేతికి అందిన బొమ్మ నొక్కారు. స్క్రీన్ పాలిపోయింది. పైన "స్పందించడం లేదు" అని వచ్చింది. అమ్మ అందర్నీ వెనక్కి పంపి, కాసేపు ఆగి, "ఇగ పాయె, చెడిపోయింది" అన్నది. ఆ మాటకే ఎదురుచూస్తున్నట్టు అది మొదలుపెట్టి, అంతకుముందు ఎన్నిసార్లు నొక్కారో అన్నిసార్లూ వరుసగా పలుకుతూ పోయింది. ఆపడం ఎవరి తరం కాలేదు. పక్క గదిలోని పెద్ద తరగతి వాళ్లు కిటికీలకు వేలాడారు.

నీ వివరణ నాకు బస్టాండు దగ్గర పరశురాములు హోటల్ గుర్తుచేసింది. చాయ్ చేసేదీ ఆయనే, గల్లా మీద కూర్చునేదీ ఆయనే. చాయ్ మరుగుతున్నంతసేపు ఎవరు పిలిచినా పలకడు. దింపినాక అందరికీ ఒకేసారి జవాబు చెప్తాడు. గొంతు వినిపించే పనిని వేరే చేతికి అప్పజెప్పి, విండోను గల్లా మీదనే ఉంచమన్నావు. నువ్వు రాసిన వరుసలు చూసి టైపు కొట్టాను. మొదటిసారి లేవలేదు. వరుస ముందు ఉండాల్సినంత ఖాళీ నేను పెట్టలేదట, ఏ వరుసలో తప్పో అదే చెప్పింది. వార్తలో పేరా కొంచెం ఇటు జరిగితే ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ప్రోగ్రామే మంచం దిగదు. సరిచేశాను, ఇప్పుడు బిగుసుకోవడం లేదు.

ఇక కోడి.

నేను నీకు రాసింది ఇంతే: "ఏ బొమ్మ నొక్కినా 'కూకడి, కోడి' అంటున్నది." లంబాడీలో కూకడి అంటే కోడి అని నానమ్మకు చెప్పాను. ఆవును నొక్కినా కోడే, వానను నొక్కినా కోడే. నువ్వు వెంటనే పట్టేశావు. బటన్లన్నీ ఒకే చుట్టులో, లూప్ అంటావే దాంట్లో, తయారు చేశావు, ఒక్కో బటన్‌కు దాని మాట దాని చేతికివ్వకుండా "నొక్కినప్పుడు ఆ చుట్టునే అడుగు" అన్నావు. ఎవరో వచ్చి నొక్కేసరికి చుట్టు ఎప్పుడో అయిపోయింది, చివరి బొమ్మ కోడి దగ్గర ఆగి ఉంది. అందుకని ఎవరడిగినా ఒకటే జవాబు. కొత్తగా రాసేవాళ్లందరూ ఒకసారైనా ఇందులో పడతారని రాశావు. పడినందుకు సిగ్గుపడకు. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నీకు ఆ ఉత్తరం పోస్టు చేసిన మరునాడు పిల్లలు అమ్మను వదల్లేదు. "టీచర్, కోడి డబ్బా పెట్టుండ్రి" అని ఒకటే గోల. చెడిపోయిన దాన్ని ఎందుకు పెట్టడమని అమ్మ అనుకున్నా, గోల పడలేక పెట్టింది. నేను ఆ రోజు ధాన్యం కొనుగోలు వార్తకు అటు పోయి, బడి దగ్గర ఆగాను. గుమ్మంలోంచి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ప్రియ ముందు వరుసలో కూర్చుంది. ఒక పిల్ల ఆవును నొక్కింది. తుల్సీబాయి గొంతు "కూకడి" అన్నది. అందరూ నవ్వారు. ప్రియ నవ్వలేదు. ల్యాప్‌టాప్ వెనక్కి వంగి చూసింది, నానమ్మ అక్కడ ఉందేమోనని కాబోలు. మళ్లీ ఆవు. మళ్లీ "కూకడి". ప్రియ లేచి నిలబడింది.

"కూకడి కోని!" అన్నది. కోడి కాదు అని. వేలు బొమ్మ మీద పెట్టి, "గావ్డి!"

అమ్మ నా దిక్కు చూసింది, కానీ ఏమీ జరగనట్టే నీళ్ల బొమ్మ నొక్కింది. "కూకడి" అన్నది తుల్సీబాయి గొంతు. "పాణి!" అన్నది ప్రియ. రొట్టె బొమ్మ. "కూకడి." "బాటి!" ప్రియ ఈసారి కసురుకుంది. ఇంట్లో నానమ్మతో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడింది. నానమ్మ తప్పు చెబుతుంటే మనుమరాలు ఊరుకుంటుందా? నువ్వు చిన్నప్పుడు ఊరుకున్నావా?

అమ్మ అప్పుడు తన గొంతు గురించి అడిగింది. "మీ అవ్వ తప్పు చెప్పింది సరే. నేను కోడి అంటున్న గద, నాది ఒప్పేనా?"

ప్రియ తల అడ్డంగా ఊపింది.

"మరి ఏమనాలె?"

"ఆవు" అన్నది ప్రియ. తెలుగులో. అమ్మ వేలు పెట్టిన బొమ్మలన్నిటికీ తెలుగు పేరు చెప్పింది. ఒక్కటీ తప్పలేదు. జూన్‌నుంచి విన్నదంతా ఆమె దగ్గరే ఉంది.

ఆ రోజునుంచి బడిలో రోజూ కోడి ఆటే. తండాలో పిల్లలు పెద్దవాళ్లను "ఇదేంది?" అని అడిగి, ఏం చెప్పినా "తప్పు! కూకడి!" అని పరుగెత్తుతున్నారు. చందు తాతనే ఒకడు కూకడి అని పిలిస్తే, ఆయన కర్ర తీసుకుని వెంటపడ్డాడు, పట్టుకోలేదు. తుల్సీబాయి మొదట అలిగింది. "నేను సక్కగ చెప్తే మీ డబ్బా నన్ను పిచ్చిదాన్ని చేసింది" అన్నది. మనుమరాలు బడిలో నోరు విప్పిందని అమ్మ చెప్పగానే, ఆ పొద్దే భూపాలపల్లికి ఫోను చేయించింది.

ఇప్పుడు ఇంతసేపు ఆపిన మాట చెప్తున్నాను. నువ్వు పంపిన మందు కోడికి వేశాను. వేసిన తరువాత తీసేశాను. ఎందుకు తీశానో వింటే నువ్వు కోపగించుకోవు.

నీ ఉత్తరం దీపావళికి ముందు అందింది. ధన్‌సింగ్ పండుగకు వస్తున్నాడు. తప్పులు చెప్పే యంత్రాన్ని ఆయన ముందు పెట్టడం నాకు నచ్చలేదు. మీ అమ్మకు చెప్పకుండా పండుగ సాయంత్రం, సెలవుకు ఆమె ఇంటికి తెచ్చిన బడి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నువ్వు రాసినట్టు మార్చాను. ఇక్కడ ఇంకో తెలివి తక్కువ పని. మార్చాను, నడిపాను, కోడే. మళ్లీ మార్చాను, మళ్లీ కోడే. కాసేపటికి గానీ తెలియలేదు, నేను దిద్దుతున్నది పెన్‌డ్రైవ్‌లోని ప్రతి, నొక్కుతున్నది ల్యాప్‌టాప్‌లోని ప్రతి. ఇంట్లో ప్రూఫు దిద్దుకుంటూ, ఎప్పుడో అచ్చయి వచ్చిన పేపరును చూసి ఇంకా తప్పు పోలేదేమని తిట్టుకున్నట్టు. చివరకు ల్యాప్‌టాప్‌లో దిద్దాను. ఆవు ఆవు అయింది. పెన్‌డ్రైవ్‌లో ఎన్నో రకాల ప్రతులు మిగిలాయి, తీసేయడానికి బద్ధకించాను.

పండుగ తెల్లారి బడికి పోయాను. ధన్‌సింగ్ గుమ్మం దగ్గర సంచితో నిలబడి ఉన్నాడు. ప్రియ గౌన్లు సంచిలోంచి కనబడుతున్నాయి. మధ్యాహ్నం బస్సుకు పోవాలని వచ్చాడు.

"సారూ, బిడ్డ మాట్లాడుతాందని అవ్వ ఫోన్ల చెప్పింది. చెవులార ఇందామని వచ్చిన."

అమ్మ నవ్వుతూ ప్రియను పిలిచింది. "రా బిడ్డా, మీ నాయినకు చూపియ్యి." ప్రియ వచ్చి ఆవును నొక్కింది. "గావ్డి" అన్నది తుల్సీబాయి గొంతు. "ఆవు" అన్నది అమ్మ గొంతు. ప్రియ ఆగింది. నీళ్లను నొక్కింది. "పాణి. నీళ్లు." అన్నీ సరిగ్గా ఉన్నాయి. దిద్దడానికి ఆమెకు ఏమీ మిగల్లేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అమ్మ రెండుసార్లు పలకరిస్తే తల దించుకుంది.

"డబ్బా మంచిగనే మాట్లాడుతాంది" అన్నాడు ధన్‌సింగ్. ఆయన వెటకారంగా అనలేదు. సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

అమ్మ నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది. "దీన్ని ఏం జేసినవ్?"

"బాగు జేసిన."

"ఎవలు జెయ్యమన్నరు నిన్ను?"

"సుమ రాసింది..."

"సుమ అక్కడ కూసోని రాసింది. నువ్వు ఇక్కడున్నవ్ గద, నీకు కండ్లు లేవా? పాతది పెట్టు. జల్ది."

పెన్‌డ్రైవ్ జేబులో ఉంది. ఏ ప్రతి ఏదో పేరు చూస్తే తెలియదు, అన్నిటికీ నేను "కొత్తది" అనే పేరు పెట్టాను. మొదటిది లేవలేదు, రెండోదానికి బొమ్మలు రాలేదు. ఆ తరువాతది లేచింది. ఆవును నొక్కాను.

"కూకడి" అన్నది తుల్సీబాయి గొంతు.

ప్రియ తల ఎత్తింది. "కూకడి కోని! గావ్డి!" అని, తండ్రి చెయ్యి పట్టి ల్యాప్‌టాప్ దగ్గరకు గుంజింది. "చూడు నాయినా, గిది రోజు గిట్లనే చెప్తది. తప్పు చెప్తది." తండ్రితో అన్నదంతా తెలుగులోనే అన్నది. బడిలో టీచరుతో మాట్లాడే తెలుగులోనే తండ్రితోనూ మాట్లాడింది, ఆ సంగతి ఆమెకు తోచలేదు.

ధన్‌సింగ్ సంచి కింద పెట్టాడు. తాను కూడా ఒక వేలు చాపి కుక్కను నొక్కాడు. "కూకడి." "గిది కోడేనా బిడ్డా?" అని అడిగాడు. "నీకు గూడ తెల్వదా?" అన్నది ప్రియ. పిల్లలు విరగబడి నవ్వారు, ఆయనా నవ్వాడు. ఫోను తీసి భూపాలపల్లిలో ఉన్న సుక్కికి కలిపి, అందరికీ వినబడేట్టు బల్ల మీద పెట్టాడు. "ఏం మాట్లాడకు, ఊకె ఇను" అన్నాడు.

ప్రియకు ఫోను సంగతి పట్టలేదు. 'అమ్మ' అనే మాటకు పెట్టిన బొమ్మ నొక్కింది, ఒడిలో బిడ్డతో కూర్చున్న ఆడమనిషి బొమ్మ. "కూకడి" అన్నది కంప్యూటర్. ప్రియ దాని మీదికి వంగి, గది అంతా వినబడేట్టు అరిచింది:

"యాడి!"

లంబాడీలో యాడి అంటే అమ్మ.

"ఆఁ... కాయి బేటా?" అన్నది ఫోను.

ఊకె వినమన్న మాట సుక్కి దగ్గర నిలవలేదు. బిడ్డ పిలిస్తే "ఏమిటి తల్లీ" అనకుండా ఎట్లా ఉంటుంది? ప్రియ ల్యాప్‌టాప్‌ను వదిలేసి ఫోను దగ్గరకు పోయింది. ఆ తరువాత ఇద్దరూ లంబాడీలో మాట్లాడుకున్నారు. నాకు ముక్క అర్థం కాలేదు. అప్పటికి తుల్సీబాయి కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమంటున్నారని అడిగితే, "తల్లీబిడ్డల ముచ్చట నీ పేపరుకెందుకు సారూ?" అన్నది. సరైన మాటే, అడగడం మానుకున్నాను.

మధ్యాహ్నం బస్సుకు ధన్‌సింగ్ ఒక్కడే పోయాడు. గౌన్లు తీసి తుల్సీబాయి చేతికిచ్చి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఎండకాలం తాతీళ్లకు తోలియ్యి అవ్వా, మల్ల నేనే తెచ్చి బడిల దింపుత" అన్నాడు. నన్ను చూసి, "సారూ, డబ్బాను బాగు చెయ్యకుండ్రి" అన్నాడు. ఇంతకంటే వివరంగా నాకెవరూ చెప్పనక్కరలేదు.

అమ్మ ఇప్పుడు రెండు ప్రతులూ ఉంచుతున్నది. పై అధికారులు ఎవరైనా వస్తే ఒప్పు చెప్పేది, మిగతా రోజులు తప్పు చెప్పేది. మీ కాలేజీలో సారుకు చూపిస్తానన్నావు కదా, ఒప్పు చెప్పేదానితో పాటు రెండోది కూడా చూపించు. ఆయన తప్పు పట్టుకుని దిద్దమంటే, దిద్దగలవని నిరూపించు. తరువాత ఈ ఉత్తరం ఇవ్వు.

ఇక నీతో పని. కోడి పాతబడింది. ఏది నొక్కినా ఏం వస్తుందో అందరికీ తెలిసిపోయింది. నిన్న ప్రియ నొక్కకముందే "తప్పు" అని పోయి కూర్చుంది. ఇన్ని రోజులూ తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకుని నాకు రాశావు, ఇప్పుడు తప్పును ఎట్లా పెట్టాలో రాయి. రోజుకో కొత్తది కావాలి. ఒకసారి పిల్లిని ఏనుగు అనాలి, ఒకసారి వానను బెల్లం అనాలి. మధ్యమధ్య ఒప్పు కూడా చెప్పాలి, అప్పుడే పిల్లలు చెవులు రిక్కిస్తారు. ఏ వరుసలో ఎంత ఖాళీ వదలాలో గుర్తుపెట్టి మరీ రాయి.

ఇది నా కోరిక మాత్రమే కాదు. సుమక్కకు ఉత్తరం రాస్తున్నానని నిన్న బడిలో చెప్పాను. ప్రియ నా చొక్కా పట్టి లాగింది. ఆమె అన్నది అన్నట్టు కింద రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు:

"అక్కకు రాయి సారూ. రేపు కుక్కను చాప అనాలె. నేను గాదు, డబ్బా అనాలె. నేను ఒప్పు చెప్త."

ఇట్లు,
చదివినదంతా విని, "ఇగ కవర్ల పెట్టు" అని ఇప్పుడే ఒప్పుకున్న నానమ్మ పక్కన కూర్చుని,
నీ బాపు
కృపాకర్